గిటార్ నెక్ గట్టిదనం, మన్నిక: తిరుపతి, చిత్తూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

గిటార్ నేర్చుకునే పిల్లలు, చర్చిలో వాయించేవాళ్లు, యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండేవాళ్లు పదేపదే అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాను. మే నెల వస్తే ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) చేతికి గుచ్చుకుంటున్నాయంటారు. నవంబరు వస్తే తీగలు పైకి లేచాయంటారు. చాలాసార్లు గిటార్ చెడిపోయి ఉండదు. నెక్, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి చెక్క భాగం, ఎట్లా తయారవుతుందో, ఎండకూ తేమకూ అది ఏమవుతుందో తెలియక మంచి గిటార్లను మూలన పడేస్తున్నారు. అది చూస్తే బాధగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## కొనే ముందు

బాడీ చెక్క, సౌండ్ చూసుకుంటే చాలదా? నెక్ గురించి అంత ఆలోచించాలా?

ఆలోచించాలి. స్టీల్ తీగల అకౌస్టిక్ గిటార్‌కు 12 గేజ్ సెట్ (గేజ్ అంటే తీగ మందం) వేసి శ్రుతి చేస్తే, ఆరు తీగలూ కలిసి నెక్‌ను 70 కిలోలకు పైగా బలంతో లాగుతాయి. ఎలక్ట్రిక్ గిటార్‌కు 9 గేజ్ సెట్ అయితే 40 కిలోల లోపే. మీరు వాయించినా, వాయించకుండా గోడకు తగిలించినా ఆ లాగుడు రాత్రీ పగలూ ఉంటుంది. దాన్ని తట్టుకోవాల్సింది రెండు సెంటీమీటర్ల మందం చెక్క. అందులో అర మిల్లీమీటరు తేడా వచ్చినా వేళ్లకు తెలిసిపోతుంది. బాడీ మీద గీత పడితే వాయించుకోవచ్చు, నెక్ వంకరపోతే వాయించలేరు.

ట్రస్ రాడ్ (నెక్ వంపును సర్దడానికి లోపల ఉండే లోహపు కడ్డీ) ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? లేకపోతే కొనకూడదా?

హెడ్‌స్టాక్ (తీగలు బిగించే బిరడలు ఉండే నెక్ చివరి భాగం) మీద నట్ (అక్కడ తీగలు ఆనే సన్నని పట్టీ) పక్కనే చిన్న ప్లాస్టిక్ మూత ఉందేమో చూడండి. లేదంటే సౌండ్ హోల్‌లోకి టార్చ్ వేసి, నెక్ వచ్చి కలిసే చోట ఆలెన్ కీ పట్టే రంధ్రం ఉందేమో చూడండి. రెండు చోట్లా లేకపోతే, సర్దుకోవడానికి వీలయ్యే రాడ్ లేనట్టే. కొన్ని చవక గిటార్లలో లోపల ఇనుప కడ్డీ పెట్టి ‘రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్’ అని రాస్తారు. అది బలానికి పనికొస్తుంది కానీ నెక్ వంగినప్పుడు తిప్పి సరిచేయడానికి ఉండదు.

తీగల లాగుడును సర్దుకునే ఈ రాడ్ కోసం గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1921లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. ఫెండర్ కంపెనీ 1950లో మొదట చేసిన కొన్ని ఎస్క్వైర్ గిటార్లకు రాడ్ పెట్టలేదు. మేపుల్ చెక్క గట్టిది కాబట్టి అక్కర్లేదనుకున్నారు. నెక్‌లు వంగడంతో ఆ ఏడాదే రాడ్ చేర్చారు. మార్టిన్ కంపెనీ మాత్రం 1934 నుంచి కదలని ఉక్కు బార్ వాడుతూ 1985లో గానీ సర్దుబాటు రాడ్‌కు మారలేదు. వాళ్లు బాగా ఆరిన మంచి చెక్క వాడారు కాబట్టి అది నడిచింది. మూడు నాలుగు వేల గిటార్‌లో అలాంటి చెక్క ఉండదు. అందుకే మొదటి గిటార్ అయినా సరే, ఇంకో రెండు వేలు కూడబెట్టి రాడ్ ఉన్నది తీసుకోండి. మన ఎండల్లో అది లేకుండా స్టీల్ తీగల గిటార్ కొనమని నేను ఎవరికీ చెప్పను.

మహాగని మంచిదా, మేపుల్ మంచిదా?

చెక్క పేరు కన్నా ఆ ముక్కను ఎట్లా కోశారు, ఎంత బాగా ఆరబెట్టారు అన్నదే పెద్ద విషయం.

చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి మేపుల్ వార్షిక వలయాల వెంబడి సుమారు 10 శాతం ముడుచుకుంటే, మహాగని 4, 5 శాతం దగ్గర ఆగుతుంది. అంటే మేపుల్ గట్టిది, వంగడం తక్కువ, కానీ తేమ మారితే ఎక్కువ కదులుతుంది. మహాగని మెత్తన, తేమకు మాత్రం నిలకడగా ఉంటుంది. నాటో, ఓకుమే అని రాసి ఉండే నెక్‌లు మహాగని బదులు వాడేవి. బాగా ఆరిన ముక్క అయితే వాటితో ఇబ్బంది లేదు.

కోత సంగతికొస్తే, వలయాల వెంబడి కదలిక ఎంతో, మాను మధ్య నుంచి బయటికి వెళ్లే దిశలో సుమారు అందులో సగమే. నెక్ బాడీతో కలిసే మడమ చివర గానీ, హెడ్‌స్టాక్ కొసన గానీ చారలు చూడండి. ఫ్రెట్‌బోర్డుకు నిలువుగా నిలబడి ఉంటే అది క్వార్టర్ సాన్ కోత. మెలితిరిగే భయం తక్కువ. పడుకున్నట్టు ఉంటే ఫ్లాట్ సాన్. ఫెండర్ మేపుల్ నెక్‌లు ఎక్కువగా ఫ్లాట్ సానే, దశాబ్దాలుగా నిలబడ్డాయి. కాబట్టి ఫ్లాట్ సాన్ అని వదిలేయక్కర్లేదు. చారలు నెక్ మధ్యలో ఒక పక్కకు జారిపోతున్నా, ముడి కనిపించినా వదిలేయండి.

ఒకే చెక్కతో చేసిన నెక్ గట్టిదా, అతుకులు ఉన్నది గట్టిదా?

చాలామంది ఒకే ముక్క అయితే గట్టిదనుకుంటారు. నెక్ విషయంలో చాలాసార్లు ఇది తిరగబడుతుంది. మూడు లేదా అయిదు పట్టీలను చారలు ఎదురెదురుగా ఉండేలా అతికించిన నెక్‌లో ఒక పట్టీ ఒక వైపు తిరగబోతే పక్కది ఆపుతుంది. మంచి జిగురుతో సరిగ్గా వేసిన అతుకు చుట్టూ ఉన్న చెక్కకు ఏమాత్రం తీసిపోదు. బేస్ గిటార్లకు ఎక్కువగా అలాంటి నెక్‌లు వాడేది అందుకే.

హెడ్‌స్టాక్ దగ్గర ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉండే గిటార్‌ను ఒకే మొద్దు నుంచి కోస్తే, ఆ వంపు దగ్గర చెక్క నార తెగి పొట్టిగా మిగులుతుంది. గిబ్సన్ లెస్ పాల్ అనే ఎలక్ట్రిక్ గిటార్ హెడ్‌స్టాక్ 17 డిగ్రీల వాలుతో ఉంటుంది. పైగా ట్రస్ రాడ్‌ను బిగించే నట్ కోసం సరిగ్గా అక్కడే గుంత తవ్వుతారు. ఆ గిటార్లు కింద పడితే ఎక్కువగా విరిగేది అక్కడే. అంతకన్నా ఎంతో చవక గిటార్లలో హెడ్‌స్టాక్‌ను ఏటవాలుగా కోసి తిప్పి అతికిస్తారు, దాన్ని స్కార్ఫ్ జాయింట్ అంటారు. అప్పుడు నార హెడ్‌స్టాక్ పొడవునా సాగుతుంది. ఫెండర్ తరహా హెడ్‌స్టాక్ వాలకుండా నెక్‌తో సమానంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ చాలా తక్కువ.

నెక్ వెనక అడ్డంగా గీత కనిపిస్తోంది అన్నా. విరిగింది అతికించి అమ్మారా?

చాలావరకు కాదు. మొదటి మూడు ఫ్రెట్ల వెనక గానీ హెడ్‌స్టాక్ మీద గానీ శుభ్రంగా, రెండు వైపులా ఒకేలా సాగే గీత ఉంటే అది ఫ్యాక్టరీలోనే వేసిన స్కార్ఫ్ జాయింట్. మడమ దగ్గర కూడా ఇలాంటి గీతలు ఉండొచ్చు. అక్కడ మందం కోసం ముక్కలు పేర్చి అతికిస్తారు.

అనుమానం ఉంటే గోరుతో గీత మీద అడ్డంగా రాయండి. జాయింట్ అయితే నున్నగా ఉంటుంది. విరుపు అయితే వంకరటింకరగా, రంపపు పళ్లలా ఉంటుంది. చుట్టూ పాలిష్‌లో సన్నని పగుళ్లు ఉంటాయి, లేదా అక్కడ మాత్రమే రంగు కొత్తగా మెరుస్తుంటుంది.

బోల్ట్-ఆన్, సెట్ నెక్, నెక్-త్రూ... ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

బాగా చేస్తే మూడూ మన్నుతాయి. చెడితే బాగు చేసుకోవడంలోనే తేడా. బోల్ట్-ఆన్ అయితే నాలుగు స్క్రూలు విప్పితే నెక్ చేతికొస్తుంది. కోణం సరిచేయొచ్చు, మొత్తం నెక్కే మార్చేయొచ్చు. సెట్ నెక్‌ను జిగురుతో అతికిస్తారు, తీయాలంటే ఆవిరి, వేడి, అనుభవం కావాలి. నెక్-త్రూలో నెక్ చెక్క బాడీ చివరి దాకా సాగుతుంది. జాయింట్ వదులవడం అనే సమస్యే రాదు, కానీ మెలితిరిగితే మార్చే దారి ఉండదు.

అకౌస్టిక్‌లో పాత పద్ధతి డవ్‌టెయిల్ జాయింట్, అంటే పావురం తోక ఆకారపు గాడిలో దింపి జిగురుతో అతికించేది. టేలర్ కంపెనీ బోల్టులతో విప్పగలిగే నెక్ పెడుతోంది. దగ్గరలో మంచి రిపేర్ మనిషి లేని ఊళ్లో ఉండేవాళ్లకు విప్పడానికి వీలయ్యే నెక్కే మేలని నా అభిప్రాయం.

రోస్టెడ్ మేపుల్, కార్బన్ ఫైబర్ రాడ్ అని డబ్బు ఎక్కువ అడుగుతున్నారు. పెట్టొచ్చా?

రోస్టెడ్ అంటే గాలి తగలకుండా చెక్కను 150 డిగ్రీలకు పైన వేడి చేస్తారు. ఆ తరవాత అది తేమను తక్కువగా పీలుస్తుంది. ఎండాకాలానికీ వానాకాలానికీ ఇంత తేడా ఉన్న చోట అది నిజంగా పనికొచ్చే గుణమే. కాస్త పెళుసు అవుతుంది, స్క్రూ వేసే ముందు రంధ్రం చేయకపోతే చీలుతుంది. కార్బన్ పట్టీలు నెక్ బిగువును పెంచుతాయి కానీ వాటిని తిప్పి సర్దలేం, ట్రస్ రాడ్ కూడా ఉండాలి. బడ్జెట్ తక్కువైతే ఈ రెండూ వదిలేసి, ఆ డబ్బు మంచి హార్డ్ కేస్ మీద పెట్టండి.

వీణకు ట్రస్ రాడ్ లేదు కదా, గిటార్‌కే ఎందుకు?

ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకుని గిటార్ పట్టినవాళ్లు ఈ ప్రశ్న అడుగుతారు, చాలా మంచి ప్రశ్న. వీణ దండి పనస చెక్కతో లావుగా ఉంటుంది, తీగల లాగుడు కూడా స్టీల్ గిటార్ కన్నా తక్కువ. అసలు రహస్యం మెట్లలో ఉంది. వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. దండి కొంచెం కదిలినా మైనం తీసి మెట్లను మళ్లీ సరైన ఎత్తుకు కూర్చుతారు. గిటార్ ఫ్రెట్లు చెక్కలోకి దిగగొట్టినవి, వాటి ఎత్తు మార్చలేం. అందుకని సర్దుకునే పని నెక్ మీద పడింది, ఆ పని ట్రస్ రాడ్ చేస్తుంది. బొబ్బిలి ఏకాండి వీణ ఒకే మొద్దు నుంచి తొలిచినది కాబట్టి గిటార్ నెక్ కూడా అలాగే ఉండాలనుకోవద్దు. చేయి పట్టేంత సన్నగా ఉండాల్సిన చెక్కకు లెక్క వేరు.

మన శేషాచలం ఎర్రచందనంతో నెక్ చేయించుకోవచ్చా?

పత్రాలు లేని ఎర్రచందనం దగ్గర ఉంచుకోవడమే నేరం, ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి. సంగీతానికి పనికిరాని చెక్క అని కాదు, జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి మేలైన నెక్‌లు ఈ చెక్కతోనే చేస్తారు. గిటార్‌కు మాత్రం అది మరీ బరువు. నీళ్లలో మునిగేంత సాంద్రత ఉంటుంది, భుజాన తగిలిస్తే నెక్ కిందికి వాలిపోతుంది. ఫ్రెట్‌బోర్డుకు జిట్రేగి, అంటే ఇండియన్ రోజ్‌వుడ్, ప్రపంచమంతా వాడుతున్నారు. కావాలంటే అదే తీసుకోండి.

వడ్రంగితో టేకు నెక్ చేయించుకుంటామని కూడా కొందరు అడుగుతారు. టేకు నిలకడైన చెక్కే. కానీ అందులో నూనె ఉంటుంది, అప్పుడే చిత్రిక పట్టిన ముఖం మీద తప్ప జిగురు సరిగా పట్టదు. ఫ్రెట్ గాడులు అర మిల్లీమీటరు తప్పినా శ్రుతి కుదరదు. మంచి వడ్రంగి అయినా గిటార్ పని తెలియకపోతే ఒప్పుకోకండి.

సెకండ్ హ్యాండ్ గిటార్ చూడబోతున్నా. నెక్ బాగుందని ఎట్లా తెలుసుకునేది?

ట్యూబ్‌లైట్ కింద నిలబడండి. గిటార్ శ్రుతిలో ఉండాలి, తీగలు వదులుగా ఉంటే ఏమీ తెలియదు. బాడీ అడుగును కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, ఫ్రెట్‌బోర్డు అంచు వెంబడి నట్ దాకా చూడండి. లావు తీగ వైపు అంచు ఒకసారి, సన్న తీగ వైపు అంచు ఒకసారి. రెండూ ఒకేలా, కొద్దిగా లోపలికి గుంటపడినట్టు ఉంటే మంచిది. ఒక అంచు తిన్నగా, ఇంకోటి వంగి ఉంటే నెక్ మెలితిరిగింది, ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దు.

తరవాత నట్ వెనక బొటనవేలితో తడిమి చూడండి. హెడ్‌స్టాక్‌ను మెల్లగా వెనక్కి నొక్కితే వెంట్రుక లాంటి గీత తెరుచుకోవడం, వదిలితే మూసుకోవడం కనిపిస్తే అది పగులు. మడమకూ బాడీకీ మధ్య కాగితం దూరుతుందేమో చూడండి. ఆఖరుగా, తిప్పడానికి ట్రస్ రాడ్‌లో ఇంకా చోటు ఉందో లేదో అడగండి. పూర్తిగా బిగించేసి ఉంటే ఆ గిటార్ వయసు అయిపోయినట్టే లెక్క.

## ఇంటికి తెచ్చిన కొత్తలో

చెన్నై షాపులో బాగా వాయించింది. ఇంటికొచ్చిన రెండు వారాలకే బజ్ (తీగ ఫ్రెట్‌కు తగిలి వచ్చే జరజర శబ్దం) వస్తోంది. మోసపోయానా?

మోసం కాకపోవచ్చు. చెన్నైలో సముద్రపు తేమ, షాపులో ఏసీ, మన దగ్గర వేరే గాలి. బెంగళూరు నుంచి తెచ్చినా అంతే. చెక్క కొత్త చోటుకు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు దాన్ని ఒకే గదిలో, శ్రుతిలో ఉంచండి. నెల దాటాక నెక్ ఎక్కడ స్థిరపడిందో చూసి సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు సర్దడం) చేయించుకోండి. మొదటి వారంలోనే రాడ్ తిప్పితే మళ్లీ తిప్పాల్సి వస్తుంది.

వాయించడం అయ్యాక రోజూ తీగలు వదులు చేయాలా?

ట్రస్ రాడ్ ఉంటే అక్కర్లేదు. నెక్ ఒక లాగుడుకు అలవాటుపడి ఉంటుంది, రోజూ వదిలి బిగిస్తే శ్రుతి నిలవదు, తీగలూ త్వరగా తెగుతాయి. రాడ్ లేని గిటార్ అయితే, వారం పైన వాయించరనుకుంటే రెండు స్వరాలు దించి పెట్టండి. పరీక్షలని మూడు నెలలు మూసిపెట్టే హాస్టల్ పిల్లలు ఏ గిటార్‌నైనా ఒక స్వరం దించడం మంచిది. మొత్తం తీగలు తీసేసి మాత్రం ఉంచొద్దు.

నైలాన్ గిటార్‌కు స్టీల్ తీగలు వేస్తే సౌండ్ బాగుంటుందట, వేయొచ్చా?

వద్దే వద్దు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ నెక్, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు కట్టే చెక్క పట్టీ) సుమారు 40 కిలోల లాగుడుకు చేసినవి. చాలావాటిలో ట్రస్ రాడ్ కూడా ఉండదు. స్టీల్ తీగలు వేస్తే భారం దాదాపు రెట్టింపు అవుతుంది. నెక్ ముందుకు వంగుతుంది, బ్రిడ్జ్ ఊడి వస్తుంది.

12 గేజ్ వేయాలా, 10 గేజ్ వేయాలా?

నెక్ మీద భారం తగ్గాలంటే 10 గేజ్. లాగుడు పదికి పైగా కిలోలు తగ్గుతుంది. గేజ్ మార్చినప్పుడల్లా నెక్ వంపు మారుతుంది, రాడ్‌ను కొద్దిగా సర్దాలి.

## ఎండలు, వానలు

మే నెలలో నెక్ అంచున ఫ్రెట్లు చేతికి గుచ్చుకుంటున్నాయి. ఫ్రెట్లు పెరిగాయా?

ఫ్రెట్లు పెరగలేదు, చెక్క ముడుచుకుంది. ఎండ 40 దాటి, మధ్యాహ్నం గాలిలో తేమ పడిపోయినప్పుడు ఫ్రెట్‌బోర్డు వెడల్పు వెంట్రుకవాసి తగ్గుతుంది. లోహం తగ్గదు కాబట్టి ఫ్రెట్ చివర్లు బయటికి వస్తాయి. సన్న తీగ వైపు అంచు మీద అరచేయి జార్చితే రంపం మీద జార్చినట్టు తెలుస్తుంది. వెంటనే ఆకురాయి పట్టుకోకండి. ముందు గిటార్‌ను కేసులో పెట్టి, తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలిపితే వారం పది రోజుల్లో చాలావరకు లోపలికి పోతాయి. రెండు ఎండాకాలాలు అయ్యాక కూడా అలాగే ఉంటే, చెక్క పూర్తిగా ఆరిపోయినట్టు, అప్పుడు చివర్లు రాయించుకోండి.

రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు, గిటార్ల కోసం అమ్మే నూనె రెండు చుక్కలు రాసి తుడిస్తే సరిపోతుంది. కొబ్బరి నూనె వద్దు, దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది. పాలిష్ ఉన్న మేపుల్ బోర్డుకు ఏ నూనే అక్కర్లేదు.

కూలర్ పక్కన గిటార్ పెట్టొచ్చా? ఏసీ గదిలో అయితే?

కూలర్ తడి గాలి ఊదుతుంది. ఆ గాలి నేరుగా తగిలే చోట పెడితే నెక్ ఒక పక్క ఉబ్బుతుంది, ఇంకో పక్క పొడిగా ఉంటుంది. నెక్ మెలితిరగడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. గది ఆ మూల, కేసులో పెట్టండి. ఏసీ గాలిని పొడి చేస్తుంది, కానీ రోజూ ఒకేలా ఉంటే చెక్క తట్టుకుంటుంది. రాత్రి ఏసీ, పగలు తలుపులు బార్లా తెరిచిన గది అయితే కేసు తప్పనిసరి. పలమనేరు, కుప్పం వైపు చల్లగా ఉంటుంది కాబట్టి వాళ్లకు ఈ బాధ కొంచెం తక్కువ.

అలిపిరి దగ్గర కారులో గిటార్ వదిలి కొండకు వెళ్లొచ్చా?

దయచేసి వదలొద్దు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. నెక్‌నూ బ్రిడ్జ్‌నూ పట్టి ఉంచే జిగురు ఆ వేడికి మెత్తబడుతుంది. తీగలు మాత్రం లాగుతూనే ఉంటాయి. దర్శనం అయ్యి మీరు కిందికి వచ్చేసరికి నెక్ కోణం జారి ఉండొచ్చు, బ్రిడ్జ్ లేచి ఉండొచ్చు. గిటార్‌ను లాడ్జి గదిలో గానీ, ఊళ్లో తెలిసినవాళ్ల ఇంట్లో గానీ పెట్టి వెళ్లండి. తప్పనిసరిగా కారులోనే ఉంచాల్సి వస్తే నీడ చూసుకుని, రెండు స్వరాలు దించి, సీటు కింద కేసులో పెట్టి దుప్పటి కప్పండి.

నవంబరు వానల్లో తీగలు పైకి లేచాయి. నెక్ వంగిపోయిందా?

ఈశాన్య రుతుపవనాల వానలు పట్టినప్పుడు గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. ఇంట్లో తలుపులు బిగుసుకుపోయే రోజుల్లో గిటార్ కూడా అలాగే ఉబ్బుతుంది. అకౌస్టిక్ అయితే నెక్ కన్నా ముందు బాడీ పై పలక పైకి ఉబికి, బ్రిడ్జ్‌ను లేపుతుంది. బ్రిడ్జ్ వెనక ఒక స్టీల్ స్కేలు అడ్డంగా పెట్టి చూడండి, రెండు చివర్లా ఖాళీ బాగా కనిపిస్తే కారణం అదే. అప్పుడు ట్రస్ రాడ్ తిప్పి లాభం లేదు. వానలు తగ్గి జనవరి వచ్చేసరికి చాలావరకు దానంతట అదే దిగుతుంది.

కేసులో సిలికా జెల్ వేస్తే చాలా? బియ్యం వేయమంటున్నారు.

బియ్యం వద్దు, పురుగు పడుతుంది. సిలికా జెల్ వానాకాలానికి మంచిదే, కానీ ఎంత పీల్చాలో దానికి తెలియదు, ఎండాకాలంలో మర్చిపోయి వదిలేస్తే చెక్కను మరీ ఎండబెడుతుంది. రెండు మూడు వందలకు దొరికే చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచే పరికరం) కేసులో పెట్టుకోండి. అంకె 60 దాటితే సిలికా జెల్ వేయండి, 50కి వస్తే తీసేయండి. తేమ ఎక్కువైతే పీల్చి, తక్కువైతే ఇచ్చే ప్యాకెట్లు కూడా ఉన్నాయి, ధర ఎక్కువే కానీ మంచి గిటార్‌కు తగినవి.

గోడకు తగిలించొచ్చా?

లోపలి గోడ అయితే సరే. పడమటి ఎండ కాసే గోడ, వానకు చెమ్మ దిగే గోడ వద్దు. నేల మీద గుడ్డ సంచిలో పెట్టి నెలల తరబడి వదిలితే చెదలు పట్టొచ్చు.

## సర్దుబాటు

ఇంట్లోనే నెక్ వంపు కొలవడం ఎట్లా?

శ్రుతి చేసి, లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీతో కలిసే ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. తీగ ఇప్పుడు స్కేలు లాంటిది. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఉన్న ఖాళీ చూడండి. జెరాక్స్ కాగితం ఒక్కోటి సుమారు 0.1 మిల్లీమీటర్లు. రెండు కాగితాలు దూరి, నాలుగు దూరకపోతే నెక్ చక్కగా ఉంది. అసలు ఖాళీనే లేకపోతే మరీ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగింది, కింది ఫ్రెట్లలో బజ్ వస్తుంది. అయిదారు దూరితే ముందుకు వంగింది.

ట్రస్ రాడ్ నేనే తిప్పుకోవచ్చా? విరిగిపోతుందని భయం.

నెమ్మదిగా చేస్తే తిప్పుకోవచ్చు. సరైన సైజు ఆలెన్ కీ వాడండి, వదులుగా ఉండే కీ పెడితే లోపలి గాడి అరిగిపోతుంది. నెక్ ముందుకు వంగి ఉంటే కుడివైపు, వెనక్కి వంగి ఉంటే ఎడమవైపు. బిగించే ముందు తీగలు కొద్దిగా వదులు చేయండి. ఒక్కసారికి గడియారంలో పావుగంట ముల్లు తిరిగినంత, అంటే పావు చుట్టు మించొద్దు. మళ్లీ శ్రుతి చేసి కొలవండి, మర్నాడు ఇంకోసారి కొలవండి. కీ గట్టిగా తగిలితే అక్కడే ఆపండి. రాడ్ తెగితే ఫ్రెట్‌బోర్డు ఊడదీస్తే తప్ప మార్చలేరు.

నెక్ తిన్నగానే ఉంది, రాడ్ కూడా సరిగానే ఉంది. అయినా తీగలు ఎత్తుగా ఉన్నాయి. ఏం చేసేది?

ఇది నెక్ కోణం సమస్య. పొడవైన స్టీల్ స్కేలును ఫ్రెట్ల మీద నిలువుగా పడుకోబెట్టి బ్రిడ్జ్ వైపు జార్చండి. దాని కొస బ్రిడ్జ్ చెక్క పైకి రావాలి. చెక్క పక్కకు తగిలి ఆగిపోతే, ఏళ్ల తరబడి లాగుడుకు నెక్ ముందుకు వాలిందన్నమాట. రాడ్ నెక్‌ను తిన్నగా చేస్తుంది, వాలును మార్చలేదు. ముందు సాడిల్‌ను (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నని పట్టీ) రాసి తగ్గించుకోవచ్చు. అది అయిపోతే నెక్ ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టాలి. బోల్ట్-ఆన్ ఎలక్ట్రిక్‌కు మాత్రం స్క్రూలు విప్పి జాయింట్‌లో సన్నని చెక్క పలక పెడితే అరగంటలో అయిపోతుంది.

## దెబ్బ తగిలితే

గిటార్ పడి హెడ్‌స్టాక్ దగ్గర పగిలింది. సూపర్ గ్లూ వేసేస్తే?

వేయకండి, అంత పని మాత్రం చేయకండి. ముందు తీగలన్నీ పూర్తిగా వదులు చేయండి, పగులు ఇంకా తెరుచుకోకుండా ఉంటుంది. పేలికలు ఏవైనా ఊడితే కవర్‌లో దాచండి. పగులును మాటిమాటికీ తెరిచి చూడొద్దు, వేలి జిడ్డు పట్టనివ్వొద్దు. శుభ్రంగా ఉన్న కొత్త పగులును మంచి వడ్రంగపు జిగురుతో, క్లాంపులు వేసి ఒక రోజు ఉంచితే మళ్లీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. సూపర్ గ్లూ ముక్కలు సరిగ్గా కూర్చకముందే గట్టిపడుతుంది. ఆ తరవాత రిపేర్ చేసేవాళ్లు దాన్ని గీకి తీయాలి, అందులో చెక్క కూడా పోతుంది, ముక్కలు కుదరవు.

నెక్ కదులుతోంది, స్క్రూ ఎంత తిప్పినా బిగవడం లేదు.

బోల్ట్-ఆన్ నెక్‌లో రంధ్రం అరిగిపోయింది. నెక్ విప్పి, ఆ రంధ్రంలో గట్టి చెక్క పుల్లను జిగురుతో దిగగొట్టి, ఆరాక సన్నని కొత్త రంధ్రం చేసి బిగించాలి. పొడవైన స్క్రూ వేస్తే చాలనుకోవద్దు, ఫ్రెట్‌బోర్డులోకి పొడుచుకు వస్తుంది.

రిపేర్‌కు ఎంత దాకా ఖర్చు పెట్టొచ్చు?

గిటార్ ధరలో సగం దాటుతుంటే, చవక ప్లైవుడ్ గిటార్‌కు వద్దు. సాలిడ్ టాప్ (ప్లైవుడ్ కాకుండా అసలు చెక్క పై పలక) ఉన్నది, ఇంట్లో పెద్దవాళ్లు వాయించినది, మీ చేతికి బాగా అలవాటైనది అయితే ఆ లెక్క పక్కన పెట్టండి. నెక్ సరిచేసిన మంచి గిటార్ ఇంకో తరం వాయిస్తుంది.

చెన్నైకో బెంగళూరుకో రిపేర్‌కు పంపాలి. బస్సు లగేజీలో వేయొచ్చా?

మెత్తటి సంచిలో అయితే వేయొద్దు. మీ పక్క సీటులోనో కాళ్ల దగ్గరో పెట్టుకుని వెళ్లండి. పార్సిల్‌లోనే పంపాలంటే హార్డ్ కేస్ కావాలి. తీగలు రెండు స్వరాలు దించండి. కేసులో నెక్ కింద, హెడ్‌స్టాక్ చుట్టూ పాత టవళ్లు కుక్కండి, హెడ్‌స్టాక్ గాలిలో వేలాడకూడదు. పెట్టె పడితే మొదటి దెబ్బ తగిలేది అక్కడే. కేసు ఊపితే లోపల ఏదీ కదలకూడదు. మూసే ముందు నట్ వెనక, మడమ దగ్గర, బ్రిడ్జ్ దగ్గర ఫొటోలు తీసి పెట్టుకోండి, అందగానే అవతలివాళ్లను కూడా అవే చోట్ల ఫొటోలు తీసి పంపమని చెప్పండి.